కమీషను రాని చదువు గురించి మన వాడకి చెప్పేదెవడు?

హాలెండు అనే దేశం ఒకటుంది. కాగితాల మీద దాని పేరు నెదర్లండ్స్. పాత శ్రీకాకుళం, విజయనగరం, విశాఖపట్నం, ఉభయ గోదావరి జిల్లాలు అయిదూ కలిపితే ఎంతో, ఇంచుమించు ఆ దేశమంతా అంతే. ఆ దేశంలో పిహెచ్‌డి చేసేవాణ్ణి విద్యార్థి అని పిలవరు. ఉద్యోగి అంటారు. ఫీజు కట్టించుకోరు, జీతం ఇస్తారు. నాలుగేళ్ళకి కాంట్రాక్టు రాసిస్తారు. 2025 లెక్క ప్రకారం మొదటి ఏడాది నెలకి సుమారు మూడు వేల యూరోలు. పన్నులు పోకముందు మన డబ్బులో అటూ ఇటూగా మూడు లక్షల రూపాయలు. ఏటేటా పెరుగుతుంది. మీద సెలవుల భత్యం ఎనిమిది శాతం, సంవత్సరాంతపు బోనసు ఎనిమిది శాతం పైచిలుకు. పింఛను ఖాతా ఉంటుంది. ఆడపిల్లకి ప్రసూతి సెలవు పదహారు వారాలు, ఆ మేరకి కాంట్రాక్టు పొడిగింపు. ఇదంతా ఎవరో దయ తలచి ఇచ్చేది కాదు. అక్కడి విశ్వవిద్యాలయాల యాజమాన్యాలూ, కార్మిక సంఘాలూ కూర్చుని సంతకం పెట్టుకున్న ఉమ్మడి ఒప్పందం. మన పోర్టులో, ఉక్కు కర్మాగారంలో వేజ్ అగ్రిమెంటు ఉన్నట్టే.

ఈ మాట ఒక వాడలో చెబితే ఓ పెద్దాయన అడిగాడు: "ఏటి మాస్టారూ, సదూకోడానికి ఆలే ఎదురు జీతమిత్తారా? ఇదేదో మన్ని ముంచే బేరంలాగుందే!" ఆ అనుమానంలో తప్పేమీ లేదు. డెబ్భై ఏళ్ళుగా మన దగ్గరకి వచ్చిన ప్రతి బేరమూ ముంచే బేరమే అయినప్పుడు మంచి కబురుని కూడా మనిషి అనుమానంతోనే చూస్తాడు. కానీ ఇది నిజం. ఎన్నో ఏళ్ళుగా నిజం. మరి ఇన్నేళ్ళూ ఈ నిజం మన వాడ దాకా ఎందుకు రాలేదు? ఎవరు ఆపారు? ఈ వ్యాసం ఆ ప్రశ్న గురించే.

చెప్పనివాళ్ళు ఎవరు?

విశాఖపట్నంలో ద్వారకానగర్ వీధుల్లో నడిచి చూడండి. "విదేశీ విద్య" అని రాసిన బోర్డులు ఎన్ని కనిపిస్తాయో లెక్క పెట్టండి. అమెరికా, బ్రిటన్, ఆస్ట్రేలియా, కెనడా జెండాలు. నవ్వుతున్న తెల్ల పిల్లల బొమ్మలు. లోపలికి వెళ్ళి కూర్చుంటే మంచినీళ్ళిచ్చి మరీ మాట్లాడతారు. ముప్ఫయి లక్షలు, నలభై లక్షలు ఖర్చయ్యే మాస్టర్స్ కోర్సులు చెప్తారు. బ్యాంకు అప్పు ఎలా తేవాలో చెప్తారు. ఊళ్ళో ఉన్న అరెకరం డి-పట్టా భూమిని తాకట్టు పెట్టడానికి వీలవుతుందా అని కూడా అడుగుతారు. కానీ జీతమిచ్చి చదివించే పరిశోధన గురించి ఒక్క ముక్క చెప్పరు. ఎందుకు చెప్తారు? ఫీజు కట్టే పిల్లవాణ్ణి పంపితే ఆ కాలేజీ కమీషను ఇస్తుంది. జీతం తీసుకునే పిల్లవాణ్ణి పంపితే ఎవడిస్తాడు? ఫీజు లేని చోట కమీషను లేదు. కమీషను లేని చోట బోర్డు లేదు. బోర్డు లేని చదువు మన వాడకి తెలిసే దారి లేదు. ఇంతే కథ.

మరి అగ్రకులాల పిల్లలకి ఎలా తెలుస్తుంది? వాళ్ళకి బోర్డు అక్కర్లేదు. మేనమామ అమెరికాలో ఉంటాడు. బాబాయి కూతురు జర్మనీలో ఉంటుంది. పెళ్ళిళ్ళలో, పేరంటాల్లో, ఫోన్లలో కబుర్లు పారుతుంటాయి. "ఫలానా ప్రొఫెసరు దగ్గర ఖాళీ ఉందట, ఉత్తరం రాయి" అని చెప్పేవాడు ఇంట్లోనే ఉంటాడు. దీనికి వాళ్ళు పెట్టిన పేరు మెరిట్! పొలానికి నీళ్ళు కాలవ ద్వారా వస్తాయి. కాలవ ఎవడి పొలం పక్క నుంచి పోతుందో వాడి పంట పండుతుంది. పంట పండినవాడు మెరిట్ ఉన్న రైతు, ఎండినవాడు సోమరిపోతు అంటే నమ్మేద్దామా?

ఇకపోతే విశ్వవిద్యాలయాలు. 1926లో పుట్టిన ఆంధ్ర విశ్వవిద్యాలయానికి వందేళ్ళు నిండాయి. మన పిల్లలు ఎమ్మే, ఎమ్మెస్సీ చేసి బయటికొచ్చి ఏం చేస్తున్నారు? బి.ఇడి చేసి డిఎస్సీ కోసం ఏళ్ళ తరబడి ఎదురుచూపు. గ్రూప్ టూ కోచింగు. కానిస్టేబుల్ పరీక్ష. అవి వద్దని నేననను. నేను టీచరుగా బతుకుతున్నవాణ్ణే, మా వంశంలో డిగ్రీ చదివిన మొదటివాణ్ణే. ఆ ఉద్యోగాలే మన కడుపులు నింపాయి. కానీ మనకి చూపించే దారులన్నీ ఎందుకు అంతటితో ఆగిపోతాయి? పై దారి ఉందని చెప్పకపోవడం కూడా తలుపు మూయడమే.

మా వైపు కుర్రాడొకడు ఒక విశ్వవిద్యాలయంలో ఎమ్మెస్సీ ఫస్టుక్లాసులో పాసయ్యాడు. ఆ విశ్వవిద్యాలయం పేరు ఇక్కడ అక్కర్లేదు, అన్ని చోట్లా జరిగేదే కాబట్టి. విదేశంలో పరిశోధనకి దరఖాస్తు పెట్టుకుంటాను, రెండు ముక్కలు సిఫారసు రాసివ్వండి సార్ అని తన ప్రొఫెసరు దగ్గరకి వెళ్ళాడు. ఆయన తల ఎత్తకుండానే, "మీకు ఇక్కడే రిజర్వేషన్ ఉంది కదయ్యా, అక్కడికెందుకు?" అన్నాడట. నాలుగు సార్లు తిరిగాడు. గడువు దాటిపోయింది. రాళ్ళతో కొట్టలేదు, కర్రలతో కొట్టలేదు. ఒక్క సంతకం పెట్టలేదు, అంతే. చుండూరులో గొడ్డళ్ళు కనిపించాయి కాబట్టి దేశం మాట్లాడింది. సంతకం పెట్టని కలం ఎవరికీ కనిపించదు.

ఢిల్లీ ఏం చేసింది?

ఎస్సీ పిల్లలు విదేశాల్లో చదువుకోవడానికి కేంద్ర ప్రభుత్వ పథకం ఒకటుంది. పేరు నేషనల్ ఓవర్సీస్ స్కాలర్‌షిప్. 1954-55 నుంచి ఉంది. డెబ్భై ఏళ్ళ పథకం గురించి మన వాడల్లో ఎందరికి తెలుసో అడిగి చూడండి. ఇప్పుడు దేశం మొత్తానికి ఏడాదికి 125 మందికి ఇస్తామంటారు. అందులో ఎస్సీలకి 115. మిగిలినవి సంచార జాతులకీ, భూమిలేని కూలీలకీ, చేతివృత్తులవాళ్ళకీ. కోట్లాది మంది ఎస్సీలకి 115 సీట్లు! మన ఊళ్ళో పెళ్ళికి నడిచే బస్సులు రెండు నిండితే అయిపోయే సంఖ్య.

వయసు ముప్ఫయి అయిదు దాటకూడదు. కుటుంబ ఆదాయం ఏడాదికి ఎనిమిది లక్షలు మించకూడదు. అరవై శాతం మార్కులుండాలి. ప్రపంచ ర్యాంకుల్లో మొదటి అయిదు వందల విశ్వవిద్యాలయాల్లో సీటు వచ్చి ఉండాలి. నెదర్లండ్స్ విశ్వవిద్యాలయాల్లో ఎక్కువ భాగం ఆ జాబితాలో ఉన్నాయి. సరే, ఇవన్నీ దాటుకుని వెళ్ళేవాడికి 2022 ఫిబ్రవరిలో ఒక కొత్త గోడ కట్టారు. భారతదేశపు సంస్కృతి, వారసత్వం, చరిత్ర, సామాజిక అంశాల మీద పరిశోధన చేస్తామంటే ఈ స్కాలర్‌షిప్ వర్తించదని నిబంధన చేర్చారు. అంటే ఏమిటి? అంటరానివాడు విదేశం వెళ్ళి ఇంజనీరింగు చదవొచ్చు. అంటరానితనం గురించి మాత్రం చదవకూడదు!

అయ్యా, 1913లో ఇరవై రెండేళ్ళ అంబేద్కర్ బరోడా మహారాజు శాయాజీరావు ఇచ్చిన స్కాలర్‌షిప్ మీద కొలంబియా విశ్వవిద్యాలయానికి వెళ్ళాడు. 1916 మే నెలలో అక్కడి సెమినార్‌లో ఆయన చదివిన వ్యాసం దేని గురించి? భారతదేశంలో కులాల గురించి. ఎమ్మే థీసిస్ దేని గురించి? ఈస్టిండియా కంపెనీ పాలన, ఆర్థిక వ్యవహారాల గురించి. లండన్‌లో 1923లో డి.ఎస్సీ తెచ్చిపెట్టిన థీసిస్ దేని గురించి? మన రూపాయి సమస్య గురించి. ఈ 2022 నిబంధన ఆనాడు ఉంటే అంబేద్కర్ ఏం రాసేవాడు? ఒక సంస్థానాధీశుడు పెట్టని షరతుని, ఆయన రాసిన రాజ్యాంగం మీద ప్రమాణం చేసి కుర్చీ ఎక్కిన ప్రభుత్వం పెట్టింది. ప్రతి ఏప్రిల్ 14న ఆయన విగ్రహానికి దండ వేసేవాళ్ళే ఆయన చదివిన చదువు మీద నిషేధం రాశారు.

ఇంకా ఉంది. 2025 జూలైలో ఈ పథకం కింద 106 మందిని ఎంపిక చేసి, మొదట నలభై మందికే ఉత్తరాలిచ్చారు. మిగతా అరవై ఆరుగురికి "నిధులుంటే ఇస్తాం" అన్నారు. విదేశీ విశ్వవిద్యాలయం సీటిచ్చి తేదీ చెప్పాక, మన పిల్లవాడు ఆ తేదీ దగ్గర పడుతుంటే ఢిల్లీ వైపు చూస్తూ కూర్చోవాలన్నమాట. పత్రికల్లో గగ్గోలు పుట్టేదాకా ఎవరికీ సిగ్గు కలగలేదు.

ఇక్కడే ఉండి పరిశోధన చేస్తే బాగుంటుందా? రోహిత్ వేముల ఎక్కడికీ వెళ్ళలేదు. హైదరాబాదు కేంద్రీయ విశ్వవిద్యాలయంలోనే ఉన్నాడు. 2016 జనవరి 17న చనిపోయే ముందు రాసిన ఉత్తరంలో ఏడు నెలల ఫెలోషిప్, లక్షా డెబ్భై అయిదు వేల రూపాయలు, తనకి రావాల్సి ఉందని లెక్క రాసి మరీ పోయాడు. పరిశోధకుడి జీతం ఎవరి చేతిలో ఉంటుందో వాళ్ళ చేతిలోనే అతని మెడ ఉంటుంది. 2023 నుంచి ఇక్కడ జూనియర్ ఫెలోషిప్ నెలకి 37 వేలు, సీనియర్‌కి 42 వేలు అని కాగితం మీద ఉంది. నెలనెలా చేతికి అందుతోందా అని మన రీసెర్చ్ స్కాలర్లని అడగండి. ఉద్యోగికి జీతం ఆగితే కోర్టు ఉంది, యూనియన్ ఉంది. ఫెలోషిప్ ఆగితే గైడుగారి గది ముందు బెంచీ ఉంది!

అందుకే నేను నెదర్లండ్స్ పద్ధతి గురించి ఇంత గట్టిగా చెబుతున్నది. జీతం అక్కడి విశ్వవిద్యాలయం ఇస్తుంది కాబట్టి కులం గురించి రాయొద్దనే హక్కు ఢిల్లీకి లేదు. పరిశోధన కూడా పని, పనికి కూలి ఇవ్వాలి అనే సూత్రం అక్కడ చట్టబద్ధంగా నడుస్తోంది. ఇదే సూత్రాన్ని ఇక్కడ కూడా అడగాలి.

"ఉద్యమం వదిలి పోతారు" అనేవాళ్ళకి

మన కార్యకర్తల్లోనే కొందరి మాట నాకు తెలుసు. "చదువుకున్నవాళ్ళు మనల్ని వదిలేసి పోతున్నారు, ఇప్పుడు నువ్వు విమానం కూడా ఎక్కిస్తావా?" అంటారు. ఇందులో బాధ ఉంది, కాదనను. ఉద్యోగం రాగానే వాడ పేరు దాచుకునేవాళ్ళని మనమంతా చూశాం. కానీ వాడ పేరు దాచుకోవడానికి ఆమ్‌స్టర్‌డామ్ దాకా పోనక్కర్లేదు. ఎం.వి.పి. కాలనీలో అద్దె ఇల్లు దొరికితే చాలు! దూరం మనిషిని మార్చదు. మనిషితో మన సంబంధం ఏమిటన్నది మారుస్తుంది. స్కాలర్‌షిప్ గడువు అయిపోయి 1917లో లండన్ చదువు మధ్యలో వదిలి వచ్చిన అంబేద్కర్, డబ్బు కూడబెట్టుకుని 1920లో మళ్ళీ వెళ్ళి పూర్తి చేశాడు. వెళ్ళింది పారిపోవడానికి కాదు, ఆయుధం పదును పెట్టుకోవడానికి. మన తెలుగువాడు చిన్నయ్య జంగం లండన్‌లో పరిశోధన చేసి, కెనడాలో చరిత్ర పాఠాలు చెబుతూ, ఆధునిక భారత నిర్మాణంలో దళితుల పాత్ర మీద 2017లో పుస్తకం తెచ్చాడు. మన కథ మనం రాస్తే ఎలా ఉంటుందో ప్రపంచానికి చూపించాడు. వెళ్ళొద్దని ఆపడం కాదు మన పని. వెళ్ళినవాళ్ళని వాడకి కట్టి ఉంచే తాడు పేనడం మన పని.

భీమిలి సమాధులు, హేగ్ కాగితాలు

"మనకీ హాలెండుకీ ఏం సంబంధం మాస్టారూ?" అంటారేమో. విశాఖ నుంచి పాతిక కిలోమీటర్లు పోతే భీమిలిలో డచ్చివాళ్ళ సమాధులున్నాయి. సముద్రపు గాలికి రాళ్ళు అరిగిపోయి, అక్షరాలు ఇంకా కనిపిస్తాయి. పదిహేడో శతాబ్దంలో డచ్చి ఈస్టిండియా కంపెనీ మచిలీపట్నంలో, పాలకొల్లులో, భీమిలిలో కోఠీలు పెట్టింది. మన నేతగాళ్ళ బట్ట కొనుక్కుపోయింది. 1825లో డచ్చివాళ్ళు భీమిలిని ఇంగ్లీషువాళ్ళకి అప్పగించి వెళ్ళిపోయారు.

ఆ కంపెనీ బట్ట ఒక్కటే కాదు, మనుషుల్ని కూడా కొనుక్కుపోయింది. కోరమాండల్ తీరం నుంచి, ముఖ్యంగా కరువు సంవత్సరాల్లో, వేలాది మందిని బానిసలుగా బటేవియాకి, అంటే నేటి జకార్తాకి, ఓడల్లో తోలుకుపోయారు. ఇది ఆ కంపెనీ కాగితాల్లోనే ఉంది. ఆ కాగితాలు హేగ్ నగరంలోని జాతీయ ఆర్కైవ్స్‌లో కిలోమీటరు పైచిలుకు పొడవు అరల్లో ఉన్నాయి. 2003లో యునెస్కో వాటిని ప్రపంచ స్మృతి జాబితాలో చేర్చింది. ఇప్పుడు వాటిని కంప్యూటర్ చేత చదివించి అందరికీ అందుబాటులోకి తెచ్చే పని కూడా అక్కడ నడుస్తోంది. 2022 డిసెంబరులో ఆ దేశ ప్రధాని, 2023 జూలై 1న ఆ దేశపు రాజు, బానిస వ్యాపారానికి క్షమాపణ చెప్పారు.

క్షమాపణ ఎవరికి చెప్పారు? కరువులో బిడ్డని అమ్ముకున్న ఆ తల్లి ఏ ఊరిది? ఏ వాడది? ఓడ ఎక్కించిన దళారీ ఏ కులంవాడు? బానిసల జాబితాలో ఉన్న పేర్లలో మన పేర్లు ఎన్ని? ఈ ప్రశ్నలు అడగాలన్న తపన ఎవరికుంటుంది? ఓడలో పోయినవాళ్ళ తరఫు మనిషికి ఉంటుంది. లైడెన్ విశ్వవిద్యాలయం 2000 తర్వాత కొన్నేళ్ళు ఆసియా దేశాల నుంచి విద్యార్థుల్ని తీసుకెళ్ళి, పాత డచ్చి భాష నేర్పి, ఈ కాగితాలు చదివించింది. అలాంటి అవకాశం వచ్చినప్పుడు మన తీరం నుంచి ఓ మాల పిల్లవాడో, మాదిగ పిల్లో, రెల్లి పిల్లో ఆ గదిలో ఎందుకు ఉండకూడదు?

చరిత్ర వదిలేద్దాం, నేటి బతుకు చూద్దాం. ఆ దేశంలో ఐముడెన్ అనే ఉక్కు ఊరుంది. 2007 నుంచి ఆ కర్మాగారం టాటాలది. దాని చుట్టుపక్కల ఇళ్ళ మీద పడే దుమ్ములో సీసం ఉందని, పిల్లల ఆరోగ్యానికి అది మంచిది కాదని ఆ దేశపు ప్రజారోగ్య సంస్థ 2021లో తేల్చి చెప్పింది. పిల్లలు ఆడుకునే చోట దుమ్ము తుడిచి, కొలిచి మరీ చెప్పింది. మన వన్‌టౌన్ ఇళ్ళలో పోర్టు బొగ్గు దుమ్ము అన్నం కంచంలో పడుతుంటే ఎవడు కొలిచాడు? 2020 మే 7న ఆర్.ఆర్. వెంకటాపురంలో స్టైరిన్ గ్యాసు మీద పడిన మనుషుల ఊపిరితిత్తులు ఇన్నేళ్ళ తర్వాత ఎలా ఉన్నాయో ఎవడు లెక్క రాస్తున్నాడు? ఉక్కు కర్మాగారం కోసం అరవైకి పైగా ఊళ్ళు ఖాళీ చేసి, ఆర్ కార్డులు చేత పట్టుకుని ముసలివాళ్ళైపోయినవాళ్ళలో, సొంత భూమి లేక పరిహారమే దక్కని పాలేర్లు ఎందరు? 2021 జనవరిలో ఆ కర్మాగారాన్నే అమ్మేస్తామని నిర్ణయం చేశారే, అమ్మితే రిజర్వేషన్ ఉద్యోగాలు ఏమవుతాయి? ఇవన్నీ పరిశోధనాంశాలే. డెల్ఫ్ట్‌లో రేవులూ నీళ్ళూ చదువుతారు. వాగెనింగెన్‌లో వ్యవసాయం చదువుతారు. రోటర్‌డామ్ యూరప్‌లోకెల్లా పెద్ద రేవు. హేగ్‌లో 1952 నుంచి సామాజిక అధ్యయనాల సంస్థ ఉంది. పోర్టులో కలాసీ కొడుకు రోటర్‌డామ్‌లో రేవు కూలీల మీద పరిశోధన చేస్తే, ప్రొఫెసరుకి తెలియని విషయం అతనికి తెలిసి ఉంటుంది. మన బతుకే మన అర్హత. ఆ అర్హతని అక్కడి భాషలో ఎలా చెప్పాలో నేర్చుకోవాలి, అంతే.

దారి ఎలా?

ఇప్పుడు పని విషయం. ఇది కత్తిరించి దాచుకోండి.

మొదటిది, ఖాళీలు ఎక్కడ తెలుస్తాయి? అకడమిక్ ట్రాన్స్‌ఫర్ అనే వెబ్‌సైటులో నెదర్లండ్స్ విశ్వవిద్యాలయాల ఉద్యోగాల ప్రకటనలు పెడతారు. యూరోప్ మొత్తానికి యూరాక్సెస్ అని ఉంది. ప్రతి విశ్వవిద్యాలయం సొంత సైటులో కూడా ఖాళీల పేజీ ఉంటుంది. "పిహెచ్‌డి కేండిడేట్" అనిగానీ, డచ్చిలో "ప్రొమొవెండస్" అనిగానీ వెతకాలి. చూడ్డానికి డబ్బు అక్కర్లేదు. మామూలుగా దరఖాస్తుకి ఫీజు ఉండదు. ఎవడైనా ఫీజు అడిగితే వాడు దొంగ అని అనుమానించండి.

రెండవది, ఏ అర్హత? మాస్టర్స్ డిగ్రీ ఉండాలి. మూడేళ్ళ డిగ్రీ, రెండేళ్ళ ఎమ్మేగానీ ఎమ్మెస్సీగానీ చేసినవాళ్ళు పెట్టుకోవచ్చు. ఎక్కువ ఉద్యోగాలు ఒక ప్రాజెక్టులో భాగం, అంశం ముందే నిర్ణయమై ఉంటుంది. కాబట్టి ప్రకటన నాలుగు సార్లు చదవాలి. ఇంగ్లీషు చాలు, చాలాచోట్ల దానికి పరీక్ష మార్కులు అడుగుతారు.

మూడవది, ఏ కాగితాలు? రెండు పేజీల బయోడేటా. ఒకటి రెండు పేజీల ఉత్తరం: ఈ ప్రాజెక్టుకి నేనే ఎందుకు? ఒకే ఉత్తరాన్ని వంద చోట్లకి పంపితే వంద చోట్లా చెత్తబుట్టలోకే. మార్కుల జాబితాలు, ఎమ్మే ప్రాజెక్టు సారాంశం, సిఫారసు చేసే ఇద్దరి పేర్లు. ఆ ఇద్దరూ హెడ్డులూ డీనులూ కానక్కర్లేదు, మన పని తెలిసినవాళ్ళయితే చాలు. తర్వాత వీడియోలో ఇంటర్వ్యూ. అక్కడ ప్రొఫెసర్ని పేరు పెట్టి పిలుస్తారు. చేతులు కట్టుకుని "సార్ సార్" అంటే వినయం అనుకోరు, విషయం లేదనుకుంటారు. ప్రశ్నకి ఎదురు ప్రశ్న వేసినవాణ్ణి మెచ్చుకుంటారు. మన పిల్లలకి ఇది కష్టం, ఎందుకంటే ఎదురు ప్రశ్న వేసినందుకే మన తాతల్ని కొట్టారు. అందుకే మన సంఘాల్లో కూర్చోబెట్టి సాధన చేయించాలి.

నాలుగవది, ఎవరూ చెప్పని చిక్కు: పుట్టిన సర్టిఫికెట్. ఆ దేశంలో మునిసిపాలిటీలో పేరు నమోదుకి ఇది అడుగుతారు. దాని మీద మన విదేశాంగ శాఖ అపోస్టిల్ ముద్ర ఉండాలి. మన పిల్లల్లో ఎంతమంది ఇంట్లో మంత్రసాని చేతిలో పుట్టారు! సర్టిఫికెట్ లేదు. ఆధార్‌లో ఒక పేరు, పదో తరగతి మెమోలో ఇంకో పేరు, ఇంటిపేరు ఒకచోట ముందు, ఒకచోట వెనక. సీటు వచ్చాక తహశీల్దారు, ఆర్డీవో ఆఫీసుల చుట్టూ తిరిగితే నెలలు పోతాయి. డిగ్రీలో ఉండగానే ఇవి సరిచేయించండి. పాస్‌పోర్టు తీయించండి. వీసా, నివాస అనుమతి పని చాలావరకు ఉద్యోగమిచ్చిన విశ్వవిద్యాలయమే చూస్తుంది.

అయిదవది, పిహెచ్‌డి ఇప్పటికే అయిపోయినవాళ్ళకి పోస్ట్‌డాక్టొరల్ ఉద్యోగాలున్నాయి. ఒకటి నుంచి మూడేళ్ళ కాంట్రాక్టు, జీతం ఇంకా ఎక్కువ. ఇవి కూడా అదే సైటులో పడతాయి. ఇవి కాక యూరోపియన్ యూనియన్ ఇచ్చే మేరీ క్యూరీ ఫెలోషిప్ ఉంది. ఏ దేశంవాళ్ళయినా పెట్టుకోవచ్చు. అక్కడ ఒక ప్రొఫెసరు ఒప్పుకుని, ఇద్దరూ కలిసి ప్రతిపాదన రాయాలి. దీనికి మాత్రం ముందుగా ఉత్తరం రాసి పరిచయం చేసుకోవాలి. ఆయన రాసిన వ్యాసం ఒక్కటైనా చదివి రాయండి. ఇక్కడ పిహెచ్‌డి పూర్తి చేసి గెస్టు లెక్చరరుగా గంటకింత అని బతుకీడుస్తున్న మన డాక్టర్లు ఎందరో ఉన్నారు. ఈ మాట ముందు వాళ్ళకి చేరాలి.

అక్కడ స్వర్గమేమీ లేదు

ఆశ పెట్టి మోసం చేసే అలవాటు ఉద్యమానికి ఉండకూడదు. పోటీ గట్టిగా ఉంటుంది. పది దరఖాస్తులకి ఒక్క ఇంటర్వ్యూ రాకపోవచ్చు. ఉన్నత విద్య ఖర్చులో అక్కడి ప్రభుత్వమూ కోతలు పెట్టింది. 2024 నవంబరులో విద్యార్థులూ అధ్యాపకులూ హేగ్‌లో వేలాదిగా ఊరేగింపు తీశారు. ఇళ్ళు దొరకడం కష్టం, అద్దెలు మండిపోతాయి. జీతంలో పెద్ద ముక్క అద్దెకే పోతుంది. జీతం లేకుండా సొంత ఖర్చు మీదో, స్కాలర్‌షిప్ మీదో చేసే పిహెచ్‌డిలు కూడా అక్కడ ఉన్నాయి. వాటికి ఉద్యోగి హక్కులు ఉండవు. కాంట్రాక్టు ఉందా లేదా అన్నది మొదట చూడాలి. మనవాళ్ళు ఎక్కడుంటే అక్కడ కులం కూడా ఉంటుంది. ఇంటిపేరు అడిగి ఊరు అడిగి, మెల్లిగా కూపీ లాగేవాళ్ళు విమానం దిగగానే మారిపోరు. అయినా ఒక తేడా ఉంది. అక్కడ మన అన్నం వాళ్ళ చేతిలో ఉండదు.

ఏం చెయ్యాలి?

ఒకటి: కుల, చరిత్ర, సామాజిక పరిశోధనలకి స్కాలర్‌షిప్ లేదనే నిబంధన ఏ రూపంలో ఉన్నా పోవాలి. 125 సీట్లు వేలల్లోకి పెరగాలి. ఎంపికైన ప్రతి ఒక్కరికీ అదే రోజు ఉత్తరం అందాలి.

రెండు: ప్రతి విశ్వవిద్యాలయంలో ఎస్సీ ఎస్టీ సెల్ నోటీసు బోర్డు మీద జీతం ఇచ్చే విదేశీ పరిశోధనల ప్రకటనలు నెలనెలా తెలుగులో పెట్టాలి. సిఫారసు అడిగిన విద్యార్థికి వారంలోగా ఇవ్వాలి, ఇవ్వకపోతే కారణం కాగితం మీద రాసివ్వాలి. నోటి మాటతో తరిమేసే కాలం పోవాలి.

మూడు: ఉక్కు కర్మాగారం, పోర్టు, షిప్‌యార్డుల్లోని మన ఉద్యోగ సంఘాలు ఒక నిధి పెట్టాలి. విమానం టిక్కెట్టు, ఇంటి అడ్వాన్సు, మొదటి జీతం వచ్చేదాకా తిండి. రెండు మూడు లక్షలుంటే ఒక బిడ్డ వెళ్తుంది. వెళ్ళాక జీతంలోంచి తిరిగి కడుతుంది. అదే డబ్బుతో ఇంకో బిడ్డ వెళ్తుంది. విగ్రహం పెట్టడానికి చందా వేసుకున్న చేతులు దీనికి చందా వెయ్యలేవా?

నాలుగు: ఆ మొదటి బిడ్డ ఎవరు? ఇక్కడ మనలో మనం కూడా నిజం మాట్లాడుకోవాలి. నగరం చెత్త ఎత్తే రెల్లి వాడల నుంచి పిహెచ్‌డి దాకా వెళ్ళినవాళ్ళు మీకెందరు తెలుసు? 2025లో రాష్ట్రం ఎస్సీ వర్గీకరణ చేసి రెల్లి ఉపకులాలకి ఒక శాతం వేరుగా చూపింది. మన నిధిలో వాళ్ళ బిడ్డ ముందు వరసలో ఉండాలి. ఆడపిల్ల ముందు వరసలో ఉండాలి. "మా గుంట ఎమ్మెస్సీ సేసేసింది, ఇంకేటి మాస్టారూ, పెళ్ళి సేసెయ్యాల" అన్న తల్లికి నేను చెప్పేదొకటే: అమ్మా, జీతమొచ్చే చదువు ఇంకొకటుంది. పెళ్ళి ఎక్కడికీ పోదు, వయసు గడువు పోతుంది.

అయిదు: ఈ సంచిక అందిన ప్రతి కార్యకర్తా ఈ పక్షం రోజుల్లో ఒక్క పని చెయ్యండి. మీ వాడలో ఎమ్మే, ఎమ్మెస్సీ, ఎంటెక్ పాసై ఇంట్లో ఉన్నవాళ్ళ పేర్లు రాయండి. ఏ సబ్జెక్టు, ఎన్ని మార్కులు, పుట్టిన సర్టిఫికెట్ ఉందా, పాస్‌పోర్టు ఉందా, నాలుగు గళ్ళు గీసి నింపండి. ఆ కాగితం పట్టుకుని వచ్చే సమావేశానికి రండి. అక్కడ కంప్యూటర్ పెట్టుకుని కూర్చుని, ఒక్కొక్కరికీ సరిపడే ప్రకటన వెతికి, ఉత్తరం రాయించి, అదే రోజు పంపిద్దాం.

ఒకప్పుడు అక్షరం మన చెవిన పడకుండా సీసం కరిగించి పోయాలన్నారు. ఇప్పుడు సీసం అక్కర్లేదు, కబురు ఆపితే చాలు. ఆ కబురు ఇవాళ వాడ దాకా వచ్చేసింది. ఇక దీన్ని గడప గడపకీ మోసుకుపోవాల్సింది మనమే.

జై భీమ్!